క్లాస్ ఫైల్ లేదంటోంది: ఇన్‌స్టాల్ చేయాలా, పక్కన పెట్టుకోవాలా, ఓవర్‌లీఫ్‌కి మారాలా?

రాత్రి పదిన్నరకి తమ్ముడి వరసయ్యే కుర్రాడు ఫోన్ చేశాడు. పీహెచ్‌డీ మూడో సంవత్సరం.

"అన్నా, కాన్ఫరెన్స్ వాళ్ల టెంప్లేట్ లిక్స్‌లో ఓపెన్ అయింది. పేపరంతా అందులోనే టైప్ చేశా. పీడీఎఫ్ మాత్రం రావట్లేదు. ఏదో ఫైల్ లేదంటోంది."

"ఏ ఫైల్ లేదంటోందిరా?"

"చూడలేదన్నా. ఓకే కొట్టేశా. రేపే డెడ్‌లైన్, టెన్షన్‌గా ఉంది. మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయనా?"

వద్దన్నాను. లేటెక్ (పేపర్లు, థీసిస్‌లు పేజీలుగా అమర్చే సాఫ్ట్‌వేర్), లిక్స్ (దాని మీద నడిచే ఎడిటర్) వాడేవాళ్ల నుంచి ఇలాంటి ఫోన్లు నాకు ఏడాదికి నాలుగైదు వస్తాయి. సమస్య ప్రతిసారీ ఒకేలా వినిపిస్తుంది, మందు మాత్రం ఒకటి కాదు. ముందున్న దారులు నాలుగైదు. ఏది ఎవరికి నప్పుతుందో, ఏది ఎక్కడ బెడిసికొడుతుందో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏది లేదో చూడండి

లిక్స్‌ని 1995లో మథియాస్ ఎట్రిచ్ మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ ప్రాజెక్టుకి కొబ్బరికాయ కొట్టిందీ ఆయనే. లిక్స్ పీడీఎఫ్‌ని తనంతట తాను తయారుచేయదు. హోటల్లో ఆర్డర్ తీసుకునే మనిషి లాంటిది, వంట చేసేది లోపలున్న లేటెక్. మెనూ కార్డులో పెసరట్టు ఉంది, లోపల పెసలు నానబెట్టలేదు అనుకోండి. సరిగ్గా అదే పరిస్థితి ఇది.

లేనిది నాలుగింట్లో ఏదో ఒకటి అయి ఉంటుంది. మొదటిది లేఅవుట్ ఫైల్. టెంప్లేట్‌లోని శీర్షిక, సారాంశం, రచయిత పేరు లాంటివాటిని తెరమీద ఎలా చూపాలో లిక్స్‌కి చెప్పేది ఇదే, ఇది లిక్స్ సొంత సరుకు. రెండోది క్లాస్ ఫైల్, ఇది లేటెక్ సరుకు, పేజీ రూపమంతా దీనిలోనే ఉంటుంది. మూడోది ఆ క్లాస్ లోపల నుంచి పిలిచే స్టైల్ ఫైళ్లు, అంటే ప్యాకేజీలు. నాలుగోది ఫాంట్.

క్లాస్ ఫైల్ లేకపోతే లిక్స్ మర్యాదగానే చెబుతుంది. డాక్యుమెంట్ సెట్టింగ్స్‌లో క్లాసుల జాబితా తెరిస్తే ఆ పేరు ముందు అన్‌అవైలబుల్ అని కనిపిస్తుంది. ఈ క్లాస్‌కి కావాల్సిన ఫైళ్లు ఇక్కడ లేవు, రాసుకోవడానికి అడ్డు లేదు గానీ అవి వేసేదాకా పీడీఎఫ్ రాదు అని ఒక పెట్టె వస్తుంది, కావాల్సిన ఫైళ్ల పేర్లు కూడా అందులోనే ఉంటాయి. మావాడు ఓకే కొట్టేసింది ఆ పెట్టెకే. ఊరట ఏమిటంటే, రాసింది ఎక్కడికీ పోదు. పేపర్ సగంలో ఉండి క్లాస్ ఫైల్ లేదంటే కంగారు పడక్కర్లేదు, రాస్తూ పొండి. కంగారు పడాల్సింది పీడీఎఫ్ ఇవ్వాల్సిన రోజున.

నేరుగా లేటెక్ వాడేవాళ్లకి టెర్మినల్లో ఫలానా ఫైల్ దొరకలేదు అని చెప్పి, ఫైల్ పేరు టైప్ చేయమని ఆగిపోతుంది. అక్కడ చాలామంది ఎంటర్ మీద ఎంటర్ కొడుతుంటారు. దానివల్ల ఆ ఫైల్ లేకుండానే ముందుకెళ్లి ఎర్రర్లు పెరుగుతాయంతే. ఎక్స్ అక్షరం కొట్టి బయటికి రండి, లేని ఫైల్ పేరు కాగితం మీద రాసుకోండి. ఆ ఒక్క పేరు తెలిస్తేనే తర్వాతి నిర్ణయం.

మొదటి దారి: సిస్టమ్‌లో ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయడం

లేనిది ఐఈఈఈట్రాన్, ఏసీఎమ్‌ఆర్ట్, ఎల్సెవియర్ వాళ్ల ఎల్స్‌ఆర్టికల్ లాంటి పేరున్న క్లాస్ అయితే వేరే ఆలోచన వద్దు, ఇదే దారి. ఇవన్నీ సీటాన్ అనే ఉమ్మడి భాండాగారంలో ఉంటాయి, లేటెక్‌ని కంప్యూటర్లో వేసే రెండు పెద్ద మూటలైన టెక్ లైవ్‌లోకీ మిక్‌టెక్‌లోకీ అక్కడి నుంచే వస్తాయి. అసలు తేడా మీ కంప్యూటర్లో ఈ రెండింట్లో ఏది ఉందన్నదే.

మిక్‌టెక్ ఎక్కువగా విండోస్ వాళ్లది. మొదట కొంచెమే ఇన్‌స్టాల్ అవుతుంది. మిగతావి అవసరం పడ్డప్పుడు నెట్ నుంచి తనే తెచ్చుకుంటుంది. తేవాలా, అడిగి తేవాలా, అసలు తేవొద్దా అన్నది మిక్‌టెక్ కన్సోల్‌లో ఒక సెట్టింగ్. అది తేవొద్దు మీద ఉంటే ఎంత మంచి టెంప్లేటైనా ఆగిపోతుంది. నెట్ బాగున్న ఇంట్లో మిక్‌టెక్ హాయిగా ఉంటుంది. కాలేజీ ల్యాబులో ప్రాక్సీ వెనక కూర్చున్నవాళ్లకి అదే నరకం, ప్రతి ప్యాకేజీ దగ్గరా ఆగుతుంది. ఇంకో చిక్కు, అందరి కోసం అని ఇన్‌స్టాల్ చేసి అప్‌డేట్లు మాత్రం నా ఒక్కడి కోసం అని చేస్తుంటే రెండు వెర్షన్లు కలగాపులగం అవుతాయి. ఏదో ఒక పద్ధతికే కట్టుబడండి.

టెక్ లైవ్ దీనికి తలకిందులు. పూర్తిగా వేస్తే ఏడెనిమిది జీబీ దాకా తింటుంది, మామూలు నెట్ మీద గంట పైమాటే. ఒకసారి వేశాక మాత్రం లేని ప్యాకేజీ అంటూ దాదాపు ఉండదు. ఇన్‌స్టాలర్‌లో డాక్యుమెంటేషన్, సోర్స్ ఫైళ్లు వద్దంటే బరువు చాలా తగ్గుతుంది, ఈ చిట్కా తెలియక పాత ల్యాప్‌టాప్‌ల వాళ్లు బేసిక్ వెర్షన్ వేసుకుని అవస్థ పడుతుంటారు.

బేసిక్ వేసుకున్నవాళ్ల అవస్థకి ఏసీఎమ్‌ఆర్ట్‌ని మించిన ఉదాహరణ లేదు. క్లాస్ ఫైల్ దొరికిందని సంబరపడేలోపు టోట్‌పేజెస్ లేదంటుంది. అది వేస్తే హైపర్‌ఎక్స్‌ఎంపీ లేదంటుంది. అదీ వేస్తే మెనీఫుట్. ఇక్కడ అసలు గమ్మత్తు: మెనీఫుట్ అనే పేరుతో ప్యాకేజీ ఉండదు, అది ఎన్‌సీసీటూల్స్ అనే ప్యాకేజీ లోపల ఉండే ఒక ఫైల్. అలాగే జెడ్‌ఐ4 అనే ఫైల్ ఇన్‌కన్సొలాటా ఫాంట్ ప్యాకేజీలోది. ఫైల్ పేరుతో ప్యాకేజీని వెతికి, దొరకట్లేదని అలిగి, చివరికి ఎవరో పెట్టిన ఫైల్‌ని ఎక్కడి నుంచో డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లు చాలామంది. టెక్ లైవ్ మేనేజర్‌ని ఈ ఫైల్ ఏ ప్యాకేజీలో ఉందో చెప్పమని అడిగితే చెబుతుంది. మిక్‌టెక్ అయితే ఆ లెక్క మనకి చెప్పకుండానే తేల్చుకుంటుంది, అందులో దానికి వంద మార్కులు.

ఉబుంటు వాళ్లకి మూడో పద్ధతి. అక్కడ ప్యాకేజీలు విడివిడిగా ఉండవు, మూటలు కట్టి ఉంటాయి. జర్నల్ క్లాసులన్నీ టెక్‌లైవ్ పబ్లిషర్స్ అనే మూటలో, చిల్లర స్టైల్ ఫైళ్లు లేటెక్ ఎక్స్‌ట్రాలో, ఫాంట్లు ఫాంట్స్ ఎక్స్‌ట్రాలో. ఈ మూడూ వేస్తే తొంభై శాతం గొడవలు తీరతాయని నా అనుభవం. చిక్కల్లా ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి మారకుండా నడిచే) వెర్షన్‌లో ఇవి ఎప్పటివో అప్పటివే ఉండిపోవడం. కాన్ఫరెన్స్ వాళ్లు ఈ ఏడాది వచ్చిన క్లాస్ అడుగుతారు, మీ దగ్గర రెండేళ్ల కిందటిది ఉంటుంది. అప్పుడు వచ్చే ఎర్రర్ ఫైల్ లేదని ఉండదు, తెలియని కమాండ్ అని ఉంటుంది. చూడ్డానికి వేరే జబ్బులా ఉన్నా మూలం అదే.

టెక్ లైవ్ నేరుగా వేసుకున్నవాళ్లకి ఇంకో గండం. ఏటా మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో కొత్త వెర్షన్ వస్తుంది, పాతది అక్కడికి గడ్డకట్టేస్తుంది. ఆ తర్వాత చిన్న ప్యాకేజీ వేయబోయినా మీ టెక్ లైవ్ రిపాజిటరీ కన్నా పాతది అని తిప్పికొడుతుంది. కొత్తది వేసే టైమ్ లేకపోతే, పాత ఏడాదుల సరుకు హిస్టారిక్ అనే పేరుతో యూటా యూనివర్సిటీ గణిత విభాగం సర్వర్‌లో భద్రంగా ఉంది. మేనేజర్‌లో రిపాజిటరీ చిరునామాని అక్కడికి మారిస్తే మీ పాత వెర్షన్‌కి సరిపడే ప్యాకేజీలే వస్తాయి. రేపే డెడ్‌లైన్ ఉన్నవాడికి ఎనిమిది జీబీ డౌన్‌లోడ్ కన్నా ఇదే నయం.

ఏది వేసినా లిక్స్‌కి చెప్పడం మరవకండి. టూల్స్ మెనూలో రీకాన్ఫిగర్ నొక్కాలి, తర్వాత లిక్స్‌ని మూసి తెరవాలి. ఇన్‌స్టాల్ చేశా, అయినా అన్‌అవైలబుల్ అనే అంటోంది అని వచ్చే ఫోన్లలో సగం ఇక్కడే తేలిపోతాయి.

రెండో దారి: ఫైల్‌ని డాక్యుమెంట్ పక్కన పెట్టుకోవడం

యూనివర్సిటీ థీసిస్ క్లాస్, చిన్న జర్నల్ వాళ్ల సొంత క్లాస్ లాంటివి సీటాన్‌లో ఉండవు. జిప్ ఫైల్‌లో వస్తాయి. అలాంటప్పుడు ఆ క్లాస్ ఫైల్‌ని మీ డాక్యుమెంట్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టేస్తే లేటెక్ మొదట అక్కడే వెతుకుతుంది, పని అయిపోతుంది. ఇన్‌స్టాల్ లేదు, అడ్మిన్ పాస్‌వర్డ్ లేదు. ఫోల్డర్‌ని గైడ్ గారికి పంపినా అక్కడా నడుస్తుంది.

మొదట అక్కడే వెతుకుతుంది అన్నదే దీని బలం, అదే దీని ముల్లు కూడా. ఒకసారి నేను తొందరలో ఒక స్టైల్ ఫైల్‌ని నెట్ నుంచి తెచ్చి ఫోల్డర్‌లో పడేశాను. ఆ రోజుకి గండం గడిచింది. ఆరు నెలల తర్వాత అదే ఫోల్డర్‌ని కాపీ చేసుకుని కొత్త పేపర్ మొదలుపెడితే అర్థం కాని ఎర్రర్లు. సిస్టమ్‌లో కొత్త వెర్షన్ ఉన్నా, పక్కనున్న పాత కాపీనే పైకి వస్తోంది. కనుక్కోవడానికి ఒక ఆదివారం పోయింది. అప్పటి నుంచి నా నియమం: క్లాస్ ఇచ్చినవాళ్లు జిప్‌లో పెట్టిన ఫైళ్లయితే పక్కన పెడతాను, సీటాన్‌లో దొరికేవి మాత్రం ఎంత తొందరైనా సిస్టమ్‌లోనే వేస్తాను.

లిక్స్ వాడేవాళ్లకి ఇక్కడ చిన్న మెలిక ఉంది. రీకాన్ఫిగర్ మీ డాక్యుమెంట్ ఫోల్డర్ వైపు చూడదు. అందుకే ఫైల్ పక్కనే ఉన్నా జాబితాలో అన్‌అవైలబుల్ అనే చూపించొచ్చు. వాళ్లకి పర్సనల్ టెక్స్‌ఎమ్‌ఎఫ్ ఫోల్డరే (మీ సొంత ఫైళ్ల కోసం లేటెక్ వెతికే చోటు) మేలు. లినక్స్‌లో అది మీ హోమ్‌లో, మ్యాక్‌లో మీ లైబ్రరీ ఫోల్డర్‌లో ఉంటుంది. లేకపోతే మనమే తయారుచేసుకోవాలి, దాని లోపల టెక్, దాని లోపల లేటెక్ అని ఫోల్డర్లు పెట్టి ఫైల్‌ని అందులో వేయాలి. మిక్‌టెక్‌లో అయితే ఆ ఫోల్డర్‌ని కన్సోల్‌లో డైరెక్టరీల కింద నమోదు చేయాలి. నాలుగైదు పేపర్లు అదే జర్నల్‌కి రాసేవాళ్లకీ ఇదే సరైన చోటు.

క్లాస్ ఫైల్ ఉండి లిక్స్ లేఅవుట్ లేకపోతే మాత్రం కొంచెం చేతిపని. మామూలు ఆర్టికల్ లేఅవుట్‌ని అరువు తెచ్చుకుని, క్లాస్ పేరు మాత్రం ఇది అని చెప్పే మూడు నాలుగు వరసల లేఅవుట్ ఫైల్ రాసుకుంటే చాలు. దాన్ని లిక్స్ యూజర్ ఫోల్డర్‌లోని లేఅవుట్స్‌లో పెట్టొచ్చు, డాక్యుమెంట్ పక్కన పెట్టి సెట్టింగ్స్‌లో లోకల్ లేఅవుట్ బటన్‌తో ఎక్కించుకోవచ్చు. రెండోది చేస్తే ఆ ఫైల్‌ని డాక్యుమెంట్ నుంచి విడదీయొద్దని లిక్సే హెచ్చరిస్తుంది. వినండి.

మూడో దారి: ఓవర్‌లీఫ్

ఇది నెట్ మీద నడిచే లేటెక్ ఎడిటర్. బ్రౌజర్ తెరిస్తే చాలు, లోపల మొత్తం టెక్ లైవ్ ఉంటుంది. 2012లో రైట్‌లేటెక్ పేరుతో మొదలై, 2017లో షేర్‌లేటెక్‌ని కలుపుకుంది. డిపెండెన్సీ గొడవలతో విసిగిపోయినవాళ్లకి ఇది నిజంగా పెద్ద ఊరట. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టెక్ లైవ్ ఏ ఏడాదిది కావాలో ఎంచుకోవచ్చు, అందుకని పాత టెంప్లేట్ పాత వెర్షన్ మీదే నడుస్తుంది. సొంత కంప్యూటర్లో ఈ వైభోగం అంత తేలిగ్గా రాదు. ముగ్గురు నలుగురు కలిసి రాస్తున్నా ఓవర్‌లీఫే.

నెట్ లేకపోతే పని లేదు. ఉచిత ఖాతాలో పెద్ద థీసిస్ మధ్యలో టైమ్‌ఔట్ అవుతుంది. కంపెనీ ప్రాజెక్టులు, పేటెంట్ వ్యవహారాలు రాసేవాళ్లు బయటి సర్వర్‌లో పెట్టొచ్చో లేదో ముందు అడిగి తెలుసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఓవర్‌లీఫ్ లిక్స్ ఫైళ్లని తెరవదు. లిక్స్ నుంచి లేటెక్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ఎక్కించాలి. అక్కడ మార్పులు చేశాక తిరిగి లిక్స్‌లోకి తెచ్చుకోవచ్చు గానీ, వచ్చేటప్పుడు అంతా సవ్యంగా రాదు, అక్కడక్కడా ముడి లేటెక్ ముక్కలుగా మిగిలిపోతుంది. కాబట్టి రాయడం పూర్తయ్యాక, చివరి పీడీఎఫ్ కోసం మాత్రమే అటు వెళ్లండి.

నాలుగో దారి: క్లాస్ మార్చి రాసుకోవడం

కొందరు క్లాస్‌ని ఆర్టికల్‌కి మార్చేసి, మొత్తం రాశాక చివర్లో అసలు క్లాస్‌కి తిప్పుదాం అనుకుంటారు. వచనం వరకు పర్వాలేదు. ముందు పేజీ దగ్గరే తంటా. రచయితల పేర్లు, సంస్థలు, కీవర్డ్స్ ఒక్కో క్లాస్‌లో ఒక్కోలా రాయాలి. పైగా ఒక కాలమ్‌లో చక్కగా కూర్చున్న సమీకరణాలు రెండు కాలమ్‌ల క్లాస్‌లోకి వెళ్లగానే గట్టు దాటి పక్క కాలమ్ మీద పడతాయి. గైడ్ గారికి చదవడానికి డ్రాఫ్ట్ ఇవ్వాలంటే ఈ దారి సరే. మార్చే ముందు ఫైల్ కాపీ తీసుకోండి, కొత్త క్లాస్‌లో లేని స్టైళ్లు ఏమవుతాయో చూసుకోకుండా సేవ్ చేయొద్దు.

తెలుగులో రాసేవాళ్లకి అసలు గొడవ ఫాంట్‌తో

తెలుగులో థీసిస్ రాసేవాళ్లకి పైన చెప్పిన క్లాస్ ఫైళ్ల కన్నా ఫాంటే ఎక్కువ ఏడిపిస్తుంది. యూనికోడ్ తెలిసిన లేటెక్ రూపాలు జీలేటెక్ లేదా లువాలేటెక్ వాడాల్సిందే, లిక్స్‌లో ఫాంట్స్ పేజీకి వెళ్లి నాన్‌టెక్ ఫాంట్స్ అన్న పెట్టెకి టిక్ పెట్టాలి. అప్పుడు లేటెక్ మీ సిస్టమ్ ఫాంట్లని పేరుతో వెతుకుతుంది, లేకపోతే దొరకలేదని ఆగుతుంది. ఇది మంచి లక్షణమే. వర్డ్ అలా ఆగదు, చడీచప్పుడు లేకుండా వేరే ఫాంట్ పెట్టేస్తుంది, పేజీ నంబర్లు జరిగిపోయాక మనకి తెలుస్తుంది.

పాత టెంప్లేట్లలో ఎక్కువగా కనిపించే పేరు గౌతమి. విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది. విండోస్ 7తో వాణి వచ్చింది, 8తో నిర్మల యూఐ. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి రెండూ తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అనే ఐచ్ఛిక భాగంలోకి వెళ్లాయి. కొత్త ల్యాప్‌టాప్‌లో గౌతమి లేదంటే ఫాంట్ ఎక్కడా వెతకనక్కర్లేదు, సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి దాన్ని చేర్చుకుంటే చాలు. మ్యాక్, లినక్స్ వాళ్లకి ఆ సౌకర్యం లేదు, అది మైక్రోసాఫ్ట్ ఆస్తి, జిప్‌లో పెట్టి పంచకూడదు.

అందుకే కొత్తగా టెంప్లేట్ తయారుచేసేవాళ్లకి నా సలహా, గౌతమిని వదిలేయండి. మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర, నోటో సెరిఫ్ తెలుగు, వీటిలో ఏదైనా వాడండి. ఇవి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి, డాక్యుమెంట్‌తో పాటు నిశ్చింతగా పంపొచ్చు. రామభద్ర శీర్షికలకే, దానితో రెండొందల పేజీలు చదివించడం పాపం. నేరుగా లేటెక్‌లోనో ఓవర్‌లీఫ్‌లోనో రాస్తుంటే ఫాంట్ ఫైల్‌ని ప్రాజెక్ట్‌లోనే ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఫాంట్లు ఎక్కించే ఫాంట్‌స్పెక్ ప్యాకేజీకి ఆ దారి చెప్పండి. లిక్స్ తన పనంతా తాత్కాలిక ఫోల్డర్‌లో చేస్తుంది కాబట్టి ఆ చిట్కా అక్కడ తడబడుతుంది, లిక్స్ వాళ్లు ఫాంట్‌ని సిస్టమ్‌లో వేసుకోవడమే సుఖం. స్క్రిప్ట్ తెలుగు అని చెప్పడం మరిచిపోతే ఫాంట్ ఉన్నా వత్తులు కిందికి దిగవు. అది చూసి ఫాంట్ పాడైందని మార్చేసినవాళ్లున్నారు.

అను ఫాంట్లలో టైప్ చేసిన పాత ఫైల్ వస్తే మాత్రం పైవేవీ పనిచేయవు. అది యూనికోడ్ కాదు. ఫాంట్ లేని మెషీన్‌లో ఇంగ్లీషు అక్షరాల గజిబిజిలా కనిపిస్తుంది, దానికి గౌతమి పెట్టినా మండలి పెట్టినా అంతే. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ పొల్లులూ ఒకసారి కళ్లతో చూసుకోవాలి.

ఎవరికి ఏది

పేరున్న జర్నల్స్‌కి తరచూ రాసేవాళ్లు, ల్యాప్‌టాప్‌లో చోటుంటే, పూర్తి టెక్ లైవ్ ఒకసారి వేసుకుని ఏడాది పాటు మరిచిపోండి. నెట్ బాగుండి చోటు తక్కువైన విండోస్ వాళ్లకి మిక్‌టెక్. యూనివర్సిటీ క్లాస్‌తో ఒకే ఒక్క థీసిస్ రాసేవాళ్లకి పక్కన పెట్టుకోవడం లేదా పర్సనల్ ఫోల్డర్. ఒకే పేపర్, నలుగురు రచయితలు, వారం టైమ్ అయితే ఓవర్‌లీఫ్. ఇంకొకరికి పంపేవాళ్లు లిక్స్‌లో ఎక్స్‌పోర్ట్ కింద లిక్స్ ఆర్కైవ్ చేస్తే బొమ్మలు, రిఫరెన్స్ ఫైళ్లు అన్నీ ఒకే మూటగా వస్తాయి. లేటెక్ వాళ్లు డాక్యుమెంట్ మొదట్లో లిస్ట్‌ఫైల్స్ అనే కమాండ్ రాస్తే, లాగ్ చివర వాడిన ప్రతి ఫైల్ పేరూ వెర్షనూ జాబితాగా వస్తుంది. అవతలివాళ్లకి నడవకపోతే ఆ జాబితానే మొదట పంపండి.

మావాడి కథకి వస్తే, మిక్‌టెక్‌లో సెట్టింగ్ తేవొద్దు మీద ఉంది. ఎవరో సీనియర్ ల్యాబులో అలా పెట్టుకోమన్నారట. దాన్ని మార్చి, రీకాన్ఫిగర్ చేయించి, లిక్స్ మూసి తెరిపించేసరికి పన్నెండు. ఏసీఎమ్‌ఆర్ట్ తన పరివారాన్నంతా ఒక్కొక్కటే తెచ్చుకుంది, పీడీఎఫ్ వచ్చింది. పొద్దున్నే మెసేజ్: "అన్నా, రిఫరెన్సులున్న చోటల్లా ప్రశ్నార్థకాలే వస్తున్నాయి."